టాంకు : ఒక మాట కథ

అనంతపురము మెట్టసీమ. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఆ పీఠభూమిలో నీటిచుక్క విలువ పసిపిల్లలకు సైతము తెలియును. ఆ పట్టణము చెంత ఒక పెద్ద చెరువు కలదు. ఆంగ్లేయుల పాలనలో ఇట్టి చెరువులన్నిటిని రికార్డులలో "టాంకు" అని వ్రాసిరి. నేడు టాంకు అనగానే మిద్దెమీది నీటితొట్టి కొందరికి, మోటారుబండిలోని పెట్రోలుతొట్టి కొందరికి, యుద్ధభూమిలో ఫిరంగి మోయు ఉక్కుశకటము మరికొందరికి తోచును. ఒక్క మాటకు ఇన్ని అర్థము లెట్లు కలిగినవి?

గుజరాతు, మహారాష్ట్ర ప్రాంతములలో నేలను త్రవ్వి కట్టిన నీటితొట్టికి "టాంకే" వంటి పేరులు కలవు. 17వ శతాబ్దమున వర్తకమునకై పడమటి తీరమున దిగిన ఆంగ్లేయులు ఆ మాటను గ్రహించిరి. సంస్కృతములోని "తడాగ" శబ్దమే దీనికి మూలమని కొందరు తలంతురు. పోర్చుగీసు భాషలోను నీటినిలువకు ఇట్టి పేరే యున్నది. ఆ రెండును కలిసి ఇంగ్లీషున టాంకు అయ్యెనని పలువురు నిఘంటుకారుల అభిప్రాయము. క్రమముగా నీరు, నూనె నింపు పెద్ద ఇనుపతొట్లకును ఆ పేరు వచ్చెను.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున, 1915లో, బ్రిటిషువారు ఫిరంగులు గల ఉక్కుశకటములను రహస్యముగా నిర్మింపసాగిరి. శత్రువుల వేగులవారు పసిగట్టకుండుటకై అవి నీరు మోయు తొట్లని చెప్పి, వానికి టాంకులని మారుపేరు పెట్టిరి. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులోని సోమ్ రణరంగమున అవి తొలిసారిగా దిగినవి. మారుపేరే అసలు పేరై నిలిచెను. దప్పిక తీర్చు వస్తువు పేరు ప్రాణములు తీయు యంత్రమునకు దక్కెను.

అనంతపురము చెరువును 1364లో విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు కట్టించెనని చెప్పుదురు. పండమేరు నీటిని నిలిపిన ఆ కట్టకు ఇరువైపుల బుక్కరాయసముద్రము, అనంతసాగరము అను ఊళ్లు వెలసినవి. సముద్రమెరుగని సీమలో చెరువునే సముద్రమనిరి, సాగరమనిరి. నిండిన చెరువే వారికి పంట, పశువులకు మేత, త్రాగుటకు నీరు. ఒకప్పుడు ఆ కట్ట తెగనుండగా, ఊరిని కాచుటకై ముసలమ్మ అను ఇల్లాలు ప్రాణమర్పించెనని ఐతిహ్యము. కట్టమంచి రామలింగారెడ్డి ఆ గాథనే "ముసలమ్మ మరణము" అను కావ్యముగా వ్రాసెను.

మాట ఎన్ని దేశములు తిరిగినను చెరువునకు కావలసినవి మారలేదు. వాగునీరు వచ్చు దారి తెరచియుండవలెను, పూడిక తీయవలెను, కట్టను, తూమును, అలుగును కాపాడవలెను. ఇవి మరచినచో చెరువు పేరు పుస్తకమున నిలుచును, నీరు మాత్రము ఊరిలో నిలువదు.