ఖాళీ గడి ఎవరిది?

టీవీ తెర మీద వరుసగా అమరిన 12 గళ్లు. ఒకదాంట్లో వాతావరణం, ఒకదాంట్లో ఫొటోలు, ఇంకోదాంట్లో ఆటల దుకాణం. జపాన్ కంపెనీ నింటెండో 2006 నవంబర్‌లో విడుదల చేసిన వీ అనే ఆటల యంత్రాన్ని ఆన్ చేస్తే మొదట కనిపించింది ఈ దృశ్యమే. గళ్లకు కంపెనీ పెట్టిన పేరు చానళ్లు. నాలుగు పేజీల్లో మొత్తం 48. కొత్త యంత్రంలో వాటిలో ఎక్కువ భాగం ఖాళీ. కానీ ఆ ఖాళీలో ఏది కూర్చోవాలో నిర్ణయించేది మాత్రం కొన్నవాడు కాదు, అమ్మినవాడు. 10 కోట్లకు పైగా అమ్ముడైన ఆ యంత్రంలో ఒక్క గడిని సొంతం చేసుకోవడానికి కొందరు కుర్రాళ్లు చేసిన ప్రయత్నం ఒక పట్టకారుతో మొదలైంది.

వీ పాత గేమ్‌క్యూబ్ ఆటలను కూడా ఆడించేది. ఆ సమయంలో మెమరీలో కొంత భాగాన్ని మాత్రమే చూడనిచ్చేది. సర్క్యూట్ బోర్డు మీద రెండు బిందువులను పట్టకారు మొనలతో కలిపితే మిగతా భాగం కూడా బయటపడింది. అందులో కంపెనీ రహస్య తాళంచెవులు అలాగే ఉండిపోయాయి. ఆ బృందం తమకు పెట్టుకున్న ‘టీమ్ ట్వీజర్స్’ అనే పేరు ఆ పనిముట్టుదే.

తాళంచెవులు దొరికినా సంతకం దొరకలేదు. కంపెనీ సంతకం లేని ఏ ప్రోగ్రామునూ యంత్రం లోపలికి రానివ్వదు. అక్కడ నింటెండో ప్రోగ్రామర్లే దారి చూపించారు. సంతకం నుంచి వచ్చే 20 బైట్ల ముద్రను ప్రోగ్రాము ముద్రతో పోల్చేటప్పుడు, మామూలు అక్షరాలను పోల్చే పద్ధతినే వాడారు. ఆ పద్ధతి సున్నా కనిపించగానే మాట అయిపోయిందనుకుని ఆగిపోతుంది. గేటు దగ్గర కాపలాదారు రెండు పాసుల్లోనూ మొదటి అంకె సున్నా అని చూసి, మిగతా అంకెలు చదవకుండానే లోపలికి పంపేసినట్టు. అన్నీ సున్నాలతో ఒక దొంగ సంతకం పెట్టి, ప్రోగ్రాము ముద్ర కూడా సున్నాతో మొదలయ్యేదాకా అనవసరమైన ఒక మూలను మారుస్తూ పోతే చాలు. సగటున 256 సార్లు. కంప్యూటర్‌కు అది రెప్పపాటు పని. 2008లో నింటెండో ఈ తప్పును దిద్దడం మొదలుపెట్టింది. అప్పటికే గేటు దాటాల్సినవాళ్లు దాటేశారు.

అదే ఏడాది ‘జెల్డా’ ఆటలో గుర్రానికి మరీ పొడవాటి పేరున్న ఒక సేవ్ ఫైలుతో యంత్రాన్ని తికమకపెట్టి సొంత ప్రోగ్రాము నడిపించారు. ఆ దారిలోనే హోంబ్రూ చానల్ వచ్చింది. ఔత్సాహికులు ఇంట్లో కూర్చుని రాసిన ప్రోగ్రాములన్నిటికీ అది ఒక వాకిలి. డ్రైవు ఉండీ డీవీడీ సినిమా చూపించని యంత్రంలో సినిమా ఆడించింది ఈ ఔత్సాహికులే.

ఆ తర్వాత వచ్చిన కోరిక చిన్నదే. ప్రతిసారీ వాకిలి తెరిచి, జాబితా వెతికే బదులు, ఇష్టమైన ప్రోగ్రాముకు ముఖ్య మెనూలోనే సొంత గడి ఉంటే? అలా పుట్టినవే ‘ఫార్వర్డర్’ చానళ్లు. వీటిలో అసలు ప్రోగ్రాము ఉండదు. నొక్కగానే ఎస్‌డీ కార్డులో ఫలానా ఫోల్డరుకు వెళ్లి, అక్కడున్న ఫైలును మెమరీలోకి ఎక్కించి, పగ్గాలు దానికి అప్పగించి తప్పుకునే చిన్న కోడ్ మాత్రమే ఉంటుంది. చిరునామా మారనంత కాలం కార్డులో ప్రోగ్రామును ఎన్నిసార్లు కొత్తది చేసినా చానల్‌ను మళ్లీ తయారుచేయనక్కర్లేదు.

తయారీలో కళ కూడా ఉంది. మెనూలో కనిపించే చిన్న బొమ్మ, నొక్కాక తెర నిండా పరుచుకునే బ్యానర్, కొన్ని క్షణాల సంగీతం, నాలుగక్షరాల గుర్తింపు. ఉన్న చానల్ ఒకదాని అస్థిపంజరం తీసుకుని ఇవన్నీ తొడిగి, ‘వాడ్’ అనే పొట్లంగా కట్టి, సున్నాల సంతకం పెట్టి యంత్రంలో దింపుతారు. కస్టమైజ్‌మీ లాంటి ఉచిత పనిముట్లు వచ్చాక ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా చానళ్లు చేశారు. ప్రమాదమంతా అక్కడే. నాలుగక్షరాల గుర్తింపు మరో చానల్‌తో కలిస్తే పాతదాని మీదే కొత్తది కూర్చుంటుంది. అంతకంటే పెద్ద ముప్పు బొమ్మతో. మెనూ తెరుచుకునేటప్పుడే గళ్లలోని బొమ్మలన్నీ చదువుతుంది. ఒక్కటి పాడైనా మెనూ కుప్పకూలుతుంది. మళ్లీ ఆన్ చేసినా అదే కథ. చానల్‌ను తీసేసే మీట ఉన్నది ఆ మెనూలోనే. అందంగా కనిపించాలని పెట్టిన బొమ్మ యంత్రాన్ని ఇటుకరాయిగా మార్చేస్తుంది. అందుకే జాగ్రత్తపరులు ముందు 512 మెగాబైట్ల లోపలి మెమరీ మొత్తానికి నకలు తీసుకుంటారు. చానల్‌ను మొదట కంప్యూటర్‌లో డాల్ఫిన్ ఎమ్యులేటర్ మీద పరీక్షిస్తారు. పాత యంత్రాల్లో మెనూ కంటే ముందే మేలుకునే బూట్‌మీ అనే రక్షకుడిని పెట్టుకోవచ్చు. తర్వాత తయారైన యంత్రాల్లో నింటెండో ఆ సందు మూసేసింది.

అయితే సొంత చానల్‌ను దింపే పనిముట్టే దొంగ ఆటనూ దింపుతుంది. ఈ నిజాన్ని దాచి హోంబ్రూను వెనకేసుకురావడం నిజాయితీ కాదు. హోంబ్రూ చానల్ తయారీదారులు పైరసీకి దూరంగా ఉన్నారు. ఉచిత సాఫ్ట్‌వేర్‌ను డబ్బులకు అమ్ముకునేవాళ్లు తయారైతే, కొని మోసపోవద్దని తెర మీదే హెచ్చరిక పెట్టారు. కానీ తలుపు తీశాక ఎవరు వస్తారో ఎంపిక చేసుకునే శక్తి వాళ్లకూ లేదు.

చట్టాలు కూడా ఈ తేడా దగ్గరే తడబడతాయి. అమెరికాలో 1998 నాటి డిజిటల్ కాపీరైట్ చట్టం ప్రకారం తాళం పగలగొట్టడమే తప్పు. 2010లో మొబైల్ ఫోన్లకు మినహాయింపు ఇచ్చిన అధికారులు, 2012లో ఆటల యంత్రాలకు మాత్రం నిరాకరించారు. జేబులోని ఫోను మీద ఉన్న హక్కు టీవీ కింది పెట్టె మీద ఎందుకు లేదో సామాన్యుడికి అర్థం కాదు. అదే ఏడాది భారత్ తన కాపీరైట్ చట్టంలో చేర్చిన 65ఎ సెక్షన్ ఇంతకంటే వివేకంగా ఉంది. హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో తాళం తీస్తేనే నేరం, రెండేళ్ల దాకా జైలు. చట్టం స్పష్టంగా నిషేధించని పనికైతే ఆ సెక్షన్ అడ్డు రాదు.

ఈలోగా అసలు చానళ్లే ఒక్కొక్కటిగా ఆరిపోయాయి. వాతావరణం, వార్తల సేవలను కంపెనీ 2013 జూన్‌లో ఆపేసింది. ఆటల దుకాణం 2019 జనవరి 30న మూతపడింది. ఆరిపోయిన వాతావరణ చానల్‌కు మళ్లీ ప్రాణం పోసింది అభిమానులు సొంతంగా నడిపిన సర్వర్లే.

యాజమాన్యం గొడవ ఆఖరికి వాళ్లింట్లోకీ వచ్చింది. హోంబ్రూ ప్రోగ్రాములకు పునాదిగా వాడే లిబ్‌ఓజీసీ కోడ్‌లో ఆర్‌టెమ్స్ అనే మరో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నుంచి పేరు చెప్పకుండా తీసుకున్న భాగాలున్నాయని ఆరోపిస్తూ, హోంబ్రూ చానల్ ప్రధాన డెవలపర్ 2025 ఏప్రిల్‌లో దాని కోడ్ భాండారంలో మార్పులకు తెరదించారు. పాత చానళ్లకు మాత్రం దానితో పని లేదు. 2010 జూన్‌లో వచ్చిన 4.3 తర్వాత వీ మెనూకు కొత్త వెర్షన్ రాలేదు. పదిహేనేళ్ల కిందట దింపిన ఫార్వర్డర్ ఇవాళ నొక్కినా కార్డు కోసం వెతుక్కుంటూ వెళుతుంది.