అడవిలో ‘కట్’ చెబితే మంట ఆగదు

మా కృష్ణానగర్‌లో మంట పుట్టించడం పెద్ద పనేం కాదు. ఏళ్ల తరబడి సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాను. గ్యాస్ సిలిండరు, చిల్లుల పైపు, పక్కన నీళ్ల ట్యాంకరు ఉంటే చాలు. డైరెక్టర్ ‘కట్’ అనగానే వాల్వు తిప్పేస్తాం. అడవి మంట అలా ఆగదని ఓ మార్చి నెలలో తెలిసొచ్చింది.

లొకేషన్ చూడ్డానికి ఇద్దరం తెల్లారగట్ల శ్రీశైలం రోడ్డెక్కాం. మన్ననూరు దగ్గర అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న నల్లమల అది. మేం అనుకున్న దారికి అడ్డంగా గొలుసు కట్టి ఉంది. అవతల నేలంతా నలుపు. చేతిలో పచ్చి కొమ్మతో ఓ చెంచు ఫైర్ వాచర్ నిలబడ్డాడు.

“పది నిమిషాలు చూసొస్తాం, వదులు తమ్ముడూ” అన్నాను.

“ఏం జూస్తరు సార్, బూడిద దప్ప? ఇప్పుడు ఈడ అడుగు పెడితే రేపు మొలక రాదు. వానలు పడ్డంక రాండ్రి.”

అతని చూపంతా నా వేళ్ల మధ్య వెలుగుతున్న సిగరెట్టు మీదే ఉంది. తిట్టలేదు. సీసాలో నీళ్లు వంచి దాన్ని ఆర్పి, పీకను తన జేబులో వేసుకున్నాడు. అప్పుడు పడ్డ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

గేటు ఎందుకు మూస్తారు?

ఫిబ్రవరి నుంచి మే దాకా నల్లమలలో ఆకు రాలి ఎండిపోతుంది. ఇప్పపువ్వు ఏరడానికో, బీడీ ఆకు బాగా చిగురిస్తుందనో పెట్టే నిప్పు, దారిన పోయేవాళ్లు పారేసే పీక... ఏదైనా చాలు. మంట ఎక్కువగా నేల మీదే పాకుతుంది. పెద్ద చెట్లు చాలావరకు తట్టుకుంటాయి. పోయేది మొలకలు, గింజలు, నేల మీద గూడు కట్టే పిట్టల గుడ్లు.

అయితే వేరు బతికే ఉంటుంది. వానలు పడగానే టేకు, నల్లమద్ది మొదళ్ల నుంచి పిలకలు లేస్తాయి. ఆ కొన్ని నెలలూ పశువులు మేసినా, జీపులు తొక్కినా మట్టి గట్టిపడి వాననీటికి కొట్టుకుపోతుంది. ఖాళీ దొరికితే లాంటానా పొదలు కమ్మేస్తాయి. అందుకే కొత్తగా మొక్కలు నాటడం కన్నా, ఉన్నదాన్ని కదపకుండా కాపాడటమే ముందు చెయ్యాల్సిన పని. కాలిన కొమ్మలు దారి మీద పడకుండా చూడాలి, నీటి గుంటలు నింపాలి, ఎండుటాకు ఊడ్చి ఫైర్ లైన్లు తియ్యాలి.

ఇందులో మన ఊరి వాటా కూడా ఉంది. షాద్‌నగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ కేంద్రం అందుకునే ఉపగ్రహ సమాచారంతో డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే అధికారులు మంట జాడలను అటవీ సిబ్బందికి పంపుతారు. కానీ ఆర్పాల్సింది మాత్రం నడిచి వెళ్లే మనిషే.

తెరిస్తే ఒక బాధ, మూస్తే ఒక బాధ

జూలై నుంచి సెప్టెంబర్ దాకా సఫారీ ఎలాగూ ఉండదు. అక్టోబర్‌లో మళ్లీ వెళ్లాను. నలుపు కనిపించలేదు, మోకాలెత్తు గడ్డి. అదే వాచర్ నన్ను గుర్తుపట్టి నవ్వాడు.

“గేటు మూస్తే మాక్కూడ కూలి పోతది సార్. మా తమ్ముడు గైడు. అయినా అడవి పోతే గైడు ఏం జూపిస్తడు?”

ఏటా చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లింగమయ్య దగ్గరికి జనం వేలల్లో నడుస్తారు. అది సరిగ్గా నిప్పు భయం ఎక్కువగా ఉండే కాలం. ఆ కొద్ది రోజులూ అడవి తెరుచుకునేది మన మీద నమ్మకంతోనే.

ఈ వేసవిలో మీరూ ఆ దారిన వెళ్తుంటే ఎక్కడైనా గొలుసు అడ్డం కనిపించవచ్చు. విసుక్కోకుండా వెనక్కి తిప్పండి. నేనైతే సిగరెట్టు మానలేదు గానీ, మన్ననూరు వచ్చేసరికి అగ్గిపెట్టె డిక్కీలో పడేస్తున్నాను.