మసిని పట్టడం కాదు, కాల్చడం

టోక్యో గవర్నర్ ఇషిహారా షింతారో విలేకరుల ముందు ఒక ప్లాస్టిక్ సీసా పట్టుకుని ఊపాడు. అందులో నల్లటి పొడి ఉంది, డీజిల్ బండ్ల పొగలోంచి తీసిన మసి. ఒక్క టోక్యోలోనే రోజుకు ఇలాంటి సీసాలు 1,20,000 నిండుతాయన్నాడు. 1999లో ఆయన మొదలుపెట్టిన పోరాటం ఫలితంగా 2003 అక్టోబరు 1 నుంచి, మసి పరిమితి దాటే పాత లారీలు, బస్సులు ఆ నగరంలో తిరగకూడదన్న నిబంధన అమలైంది. కొత్త బండి కొనలేని యజమానికి మిగిలిన దారి, ఆమోదం పొందిన ఫిల్టర్‌ను పొగగొట్టానికి బిగించుకోవడం.

డీజిల్ ఇంజిన్‌కు ఆయుష్షు ఎక్కువ. చట్టం మారే వేగానికి బండ్లు మారవు. అందుకే పాత బండికి కొత్త ఫిల్టర్ అన్న ఆలోచనను నేను చిన్నచూపు చూడలేను.

మసి పుట్టేది ఇంజిన్ గుండెలోనే. పిస్టన్ గాలిని గట్టిగా నొక్కితే, ఇంధనం భగ్గుమనేంతగా అది వేడెక్కుతుంది. అందులోకి డీజిల్‌ను తుంపరగా చిమ్ముతారు. తుంపర అంచుల్లో ఇంధనం బాగానే మండుతుంది. నడుమ మాత్రం ఆక్సిజన్ చాలక, ఇంధనం విరిగి కార్బన్ రేణువులుగా మిగులుతుంది. ఊపిరితిత్తుల అడుగుదాకా చేరేంత సన్నటి రేణువులవి. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో తేల్చింది.

ఈ రేణువుల్ని పట్టే ఉపాయం పెట్రోలు కార్ల నుంచి వచ్చింది. 1970లలో అమెరికాలోని కార్నింగ్ సంస్థ, వాటి పొగను శుద్ధి చేసే పరికరం కోసం తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మె తయారుచేసింది. దాని నిండా అటునుంచి ఇటు సన్నటి సొరంగాలు. డీజిల్ కోసం అదే దిమ్మెలో ఒక్కో సొరంగాన్నీ ఏదో ఒక చివర మూసేశారు, పక్కపక్క సొరంగాలకు ఎదురెదురు చివరల్లో. లోపలికి వచ్చిన పొగకు తిన్నగా పోయే దారి లేదు, సూక్ష్మరంధ్రాలున్న గోడలోంచి పక్క సొరంగంలోకి దూరాల్సిందే. గాలి దూరుతుంది, మసి ఆగిపోతుంది. బరువు లెక్కన 90 శాతానికి పైగా మసి అక్కడే నిలుస్తుంది.

అయితే ఆగిన మసి పేరుకుంటుంది, ఇంజిన్‌కు ఊపిరాడదు. 1985లో మెర్సిడెస్ బెంజ్ కాలిఫోర్నియాలో అమ్మిన డీజిల్ కార్లకు ఫిల్టర్లు పెట్టి, చివరికి వాటిని తీసేయాల్సి వచ్చింది. మసి తనంతట తాను మండాలంటే సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. ఊళ్లో ఆగుతూ సాగుతూ నడిచే బస్సు పొగలో అంత వేడి ఎక్కడిది?

జవాబు బ్రిటన్‌కు చెందిన జాన్సన్ మాథే సంస్థ రసాయనవేత్తల దగ్గర దొరికింది. పొగలో ఎలాగూ నైట్రిక్ ఆక్సైడ్ ఉంటుంది. ఫిల్టర్‌కు ముందు ప్లాటినం పూసిన దిమ్మె పెడితే ఆ వాయువు నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుతుంది. అంత తక్కువ వేడిలో ఆక్సిజన్ చేయలేని పనిని, అంటే మసిని కాల్చడాన్ని, ఇది దాదాపు 250 డిగ్రీల దగ్గరే మొదలుపెడుతుంది. బండి నడుస్తుండగానే మసి కొంచెం కొంచెంగా కాలిపోతుంది. ఒక విషవాయువు చేతే మసిని కాల్పించడం నాకు ఈ కథంతటిలో అపురూపంగా తోస్తుంది. ఈ పరికరానికి 2000లో బ్రిటన్ ఇంజినీరింగ్ పురస్కారం మాక్‌రాబర్ట్ అవార్డు దక్కింది. పాత బస్సులకు సైలెన్సర్ తీసేసి, ఆ చోటే దీన్ని బిగించేవారు. లోపమూ ఉంది: మసిని కాల్చగా మిగిలిన నైట్రోజన్ డయాక్సైడ్ బయటికి పోతుంది.

ఇంకో షరతు ఇంధనానిది. డీజిల్‌లో గంధకం ఎక్కువైతే ప్లాటినం పని మందగిస్తుంది, పైగా ఆ గంధకమే సల్ఫేట్ రేణువులుగా మారి వెలువడుతుంది. స్వీడన్ 1990ల మొదట్లోనే గంధకం బాగా తగ్గించిన డీజిల్ తెచ్చింది కాబట్టి అక్కడి బస్సులకు ఫిల్టర్లు ముందే అమరాయి. మన దగ్గర భారత్ స్టేజ్ (బీఎస్)-3 ప్రమాణాల డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 350 పాళ్లదాకా ఉండనిచ్చారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6తో అది 10కి దిగింది. అంటే ఇప్పుడు హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా పాత లారీ పోయించుకునేదీ ఆ శుభ్రమైన డీజిలే. ఇంధనం పెట్టిన అడ్డంకి తొలగిపోయింది.

నిజాయితీ లేమి అన్న మరో అడ్డంకి టోక్యోలో బయటపడింది. మిత్సుయి సంస్థ తన ఫిల్టర్ల ఆమోదం కోసం తప్పుడు పరీక్షా వివరాలు ఇచ్చినట్టు 2004 నవంబరులో ఒప్పుకుంది. అప్పటికే అవి 20,000కు పైగా అమ్ముడయ్యాయి. ఊరి గాలి కోసం డబ్బు పెట్టిన లారీ యజమానుల్ని మోసగించడం చిన్న తప్పు కాదు.

పాత బండికి ఫిల్టర్ పెట్టాలనుకుంటే మెకానిక్ ముందు చూడాల్సింది ఇంజిన్‌నే. ఇంజినాయిల్ తాగే బండికి ఫిల్టర్ పెడితే అది త్వరగా పూడుకుపోతుంది. రోజువారీ నడకలో పొగ ఎంత వేడెక్కుతోందో కొలిచి నమోదు చేయాలి. వేడి చాలని బండికి ఈ రకం ఫిల్టర్ నప్పదు. బిగించాక కూడా ఆయిల్‌లో కలిపే లోహపు పదార్థాల బూడిద సొరంగాల్లో మిగిలిపోతుంది. మసిలా అది మండిపోయేది కాదు, కాబట్టి ఎప్పటికప్పుడు ఫిల్టర్ విప్పి, ఆ బూడిదను శుభ్రం చేయించాలి.