ఇల్లు పోయినా వీధి పోదు

రోమ్‌లో పియాజ్జా నవోనా అనే చౌక్ ఉంది. పైనుంచి చూస్తే దాని ఆకారం విచిత్రంగా ఉంటుంది: సన్నగా, బాగా పొడుగ్గా, ఒక కొస గుండ్రంగా. చౌక్‌ను ఇలా ఎవరైనా గీస్తారా? నిజానికి ఎవరూ గీయలేదు. క్రీ.శ. 1వ శతాబ్దం చివర్లో డొమిషియన్ చక్రవర్తి అక్కడ పరుగుపందేలకు స్టేడియం కట్టించాడు. సామ్రాజ్యం పోయింది, పందేలు ఆగిపోయాయి, దొరికిన రాయినల్లా జనం ఊడబీకి పట్టుకుపోయారు. అయితే ప్రేక్షకుల మెట్లను మోసిన కమానులు, గోడలు గట్టివి. కొత్తగా పునాది తవ్వే ఖర్చెందుకని వాటి మీదే ఇళ్లు లేపారు. జనం కూర్చున్నచోట ఇళ్లు, పరుగెత్తినచోట ఖాళీ నేల. ఆ నేలే 15వ శతాబ్దంలో సంత అయింది. ఉత్తరపు కొసన, ఇప్పటి రోడ్డుకి బాగా దిగువన, పాత కమానులు నేటికీ కనిపిస్తాయి.

పునాది లేనిచోట పాత ఆకారాన్ని నిలిపే పని స్థలాల హద్దు చేస్తుంది. 1666 సెప్టెంబరులో లండన్ నాలుగు రోజులు తగలబడి 13 వేలకు పైగా ఇళ్లు బూడిదయ్యాయి. కొద్దిరోజులకే వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ తిన్నని, వెడల్పాటి వీధులతో కొత్త నగరం గీసి రాజుకు చూపించాడు. బొమ్మ బాగానే ఉంది. కానీ ఇల్లు కాలినవాడికి మిగిలింది ఆ కాస్త జాగాయే, దాన్నీ వదులుకోమంటే ఎవరు వింటారు? అందరికీ పరిహారమిచ్చేంత డబ్బు ఖజానాలో లేదు. 1667 చట్టం కొయ్య ఇళ్లు మాన్పించి ఇటుకనో రాయినో వాడమంది, కొన్ని వీధులను వెడల్పు చేసింది. మిగతా సందులు చాలావరకు పాత దారినే లేచాయి. రెండు వందల ఏళ్ల తర్వాత పారిస్‌లో ఓస్మాన్ అనే అధికారి పాత పేటలను చీల్చుకుంటూ బులెవార్డులనే వెడల్పాటి వీధులు వేయగలిగాడు. అతని గీత రెన్ గీతకన్నా గొప్పదని కాదు. అతని వెనక చక్రవర్తి, స్థలాలు లాక్కునే చట్టం, అప్పు తెచ్చిన సొమ్ము ఉన్నాయి.

పాత దారి నిలవడం, దాన్ని వెడల్పు చేయడం, హైదరాబాద్‌లో ఈ రెండూ కొంచెం కొంచెం జరిగాయి. 1591లో చార్మినార్ దగ్గర కలిపిన నాలుగు దారులు ఇప్పటికీ నాలుగు దారులే. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు నదివైపు వెళ్లే దారిని వెడల్పు చేసి, రెండు పక్కలా రాతి కమానుల దుకాణాలు కట్టింది. అదే పత్తర్‌గట్టి. దుకాణాల ముఖాలు మారాయి గానీ దారి దిశ మారలేదు.

వరంగల్ కోటలో అయితే కాకతీయుల యుద్ధవ్యూహం కూడా రోడ్డులో మిగిలింది. ఏనుగులు, గుర్రాలు ఒక్క ఊపున దూసుకురాకుండా రాతి కోట ద్వారాల్లో దారిని వంపులు తిప్పారు. లోపలున్న ఊరికి వెళ్లే ఆటోలు ఇప్పటికీ అక్కడ వేగం తగ్గించి, హారన్ కొడుతూ తిరగాల్సిందే.