ఉద్యోగం ఇచ్చేవారు డబ్బు అడిగితే: పటాన్‌చెరు ప్రాంతంలో నకిలీ నియామకాలు

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం పారిశ్రామికవాడల్లోని మందుల, రసాయనాల, యంత్రభాగాల కర్మాగారాల్లో చాలామంది కార్మికులు నేరుగా కంపెనీ ద్వారా గాక, లేబర్ కాంట్రాక్టర్ల ద్వారా, ఊరివాళ్ల సిఫారసుతో పనిలో చేరుతుంటారు. మధ్యవర్తి ఉండటం మామూలైపోయిన చోట అతడు కొంత సొమ్ము అడిగినా ఎవరికీ వింతగా తోచదు. నకిలీ ఉద్యోగాల దందాకు ఊతమిస్తున్నది ఈ అలవాటే.

మోసగాళ్లు కొత్త కంపెనీలను సృష్టించే శ్రమ పెట్టుకోరు, ఉన్న పేర్లనే వాడుకుంటారు. రామచంద్రాపురంలోని బీహెచ్ఈఎల్, ఎద్దుమైలారంలోని ఆయుధ కర్మాగారం, మెట్ట పంటల పరిశోధన కోసం 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్ వంటి సంస్థలకు ఈ ప్రాంతపు ఇళ్లలో ఉన్న గౌరవమే వారి పెట్టుబడి. ప్రభుత్వ రంగ సంస్థలు బహిరంగ ప్రకటన ఇచ్చి, తమ అధికారిక వెబ్‌సైట్ ద్వారానే దరఖాస్తులు తీసుకుంటాయి. పరీక్ష రుసుము ఉంటే అది ప్రకటనలోనే ఉంటుంది, సంస్థకే చేరుతుంది. ఇక్రిశాట్ అయితే ఎంపికలో ఏ దశలోనూ అభ్యర్థుల నుంచి రుసుము తీసుకోదు. కాబట్టి ‘లోపల మనవాళ్లున్నారు’ అంటూ మొదలయ్యే ‘బ్యాక్‌డోర్’ బేరం, అంటే పరీక్షా ఇంటర్వ్యూలతో పనిలేకుండా దొడ్డిదారిన ఉద్యోగమిప్పిస్తామనే మాట, అక్కడితోనే తెంచుకోదగినది.

నకిలీ నియామక పత్రాన్ని నిదానంగా చూస్తే చాలా సంగతులు బయటపడతాయి. పైన సంస్థ చిహ్నం, కింద గుండ్రటి ముద్ర అచ్చంగా అసలువాటిలాగే ఉన్నా, పంపిన మెయిల్ చిరునామా మాత్రం ఎవరైనా తెరవగలిగే ఉచిత ఖాతాదై ఉంటుంది. చేరవలసిన తేదీ రెండు మూడు రోజుల్లోనే ఉంటుంది, ఎందుకంటే ఆలోచించే వ్యవధి ఇస్తే అభ్యర్థి ఎవరినో ఒకరిని అడుగుతాడు. సెక్యూరిటీ డిపాజిట్, యూనిఫాం, మెడికల్ అంటూ అడిగే సొమ్ము మొదట చిన్నదే, పైగా ‘తిరిగి ఇస్తాం’ అని రాసి ఉంటుంది. అది కట్టాక మరొకటి, దాని తర్వాత ఇంకొకటి వస్తాయి. యూపీఐలో చెల్లించే ముందు తెరపై కనిపించే పేరు కంపెనీది కాక ఎవరో వ్యక్తిదైతే, ఇక వేరే రుజువు అక్కర్లేదు.

ఐటీఐ, డిప్లొమా ముగించిన పిల్లల విషయంలో ఈ మోసం మరీ బాధాకరం. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం శిక్షణ కాలంలో అభ్యర్థికి స్టైపెండ్, అంటే నెలనెలా భృతి, చెల్లించవలసింది యాజమాన్యమే కాగా, అదే శిక్షణకు ‘సీటు’ ఇప్పిస్తామని తల్లిదండ్రుల దగ్గర అప్పు సొమ్ము గుంజుకోవడం అన్యాయం. కంపెనీ నిజంగా ఉందో లేదో ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ (ఈపీఎఫ్ఓ) వెబ్‌సైట్‌లోని సంస్థల జాబితాలో పేరు కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు; అనుమానం తీరకపోతే పత్రం పట్టుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లి హెచ్ఆర్ విభాగాన్ని అడగవచ్చు. పని చేసే చోటు ఇంత దగ్గరలో ఉండటం ఈ ప్రాంతపు అభ్యర్థులకు దొరికిన పెద్ద సౌకర్యం.

విదేశీ కొలువుల విషయంలో నష్టం డబ్బుతో ఆగదు. డేటా ఎంట్రీ పని అని నమ్మించి తెలుగు యువకులను కంబోడియాకు తరలించి, అక్కడ సైబర్ మోసాలు చేయించిన ఉదంతం 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసుల దర్యాప్తులో బయటపడింది. 1983 నాటి వలసల చట్టం కింద నమోదైన ఏజెంట్ల వివరాలు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉంటాయి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ నియామకాలు చేపడుతుంది. విజిట్ వీసా మీద పనికి పంపుతామనే ఏజెంటును నమ్మరాదు. ఇంటి నుంచే పని అంటూ అభ్యర్థి పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ అడిగేవారు మరింత ప్రమాదకారులు. ఆ ఖాతా గుండా దొంగసొమ్ము నడిస్తే ఉద్యోగం వెతుక్కున్న మనిషే నిందితుడిగా నిలబడవలసి వస్తుంది.

ఆన్‌లైన్‌లో సొమ్ము పోయినప్పుడు సైబర్ నేరాల సహాయవాణి 1930 నంబరుకు ఎంత త్వరగా ఫోన్ చేస్తే, అది చేతులు మారకముందే బ్యాంకులో నిలిపివేయించే వీలు అంత ఎక్కువ. లావాదేవీ సంఖ్య, వాట్సాప్ సంభాషణ, నియామక పత్రం చెరిపివేయకుండా ఉంచుకుని దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ఇస్తే, భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసు నమోదు చేయడానికి అవే ఆధారాలవుతాయి.