బస్సు రాక – నిమిషముల లెక్క

సుల్తాన్ బజారున బేరములు ముగించుకొని, చేతుల నిండ సంచులతో కోఠీ స్టాపున నిలిచిన సోదరీమణులకు తోచు ప్రశ్న యొక్కటే: బస్సెప్పుడు వచ్చును? బడినుండి వచ్చు బిడ్డలు తలపునకు వచ్చినప్పుడు, పొద్దుగూకి వీధి పలుచబడినప్పుడు, ఆ నిరీక్షణము మరింత భారమగును.

నిజాం రాజ్యమున 1932లో రైల్వేశాఖవారు 27 బస్సులతో ఈ రాకపోకలను ప్రారంభించిరి. నాటినుండి చిరకాలము వీధిమలుపు వంక చూచుటయే మనకు గతి. 2023 ఆగస్టులో తెలంగాణ రోడ్డు రవాణా సంస్థవారు 'గమ్యం' అను యాప్‌ను వెలువరించిరి. బస్సెచ్చట నున్నదో, ఎప్పుడు రాగలదో చేతిఫోనులో తెలుపుటకే యది యేర్పడినది. ఆ సంవత్సరము డిసెంబరు 9 నుండి స్త్రీలకు ఉచిత ప్రయాణము లభించుటచే ఈ లెక్క మనకు మరింత అక్కరకు వచ్చినది.

ఆ లెక్క యెట్టిదో చూతము. బస్సులోని చిన్న యంత్రము నాలుగైదు ఉపగ్రహముల సంకేతముల నందుకొని, అవి చేరుటకు పట్టిన కాలమును బట్టి తానున్న చోటును కనుగొనును. దానిని కార్యాలయపు కంప్యూటరునకు పంపును. ఆపైన మిగిలినది మనము బడిలో నేర్చిన కాలము–దూరము లెక్కయే. నారాయణగూడ మీదుగా వచ్చు బస్సు మనకు 3 కిలోమీటర్ల దూరమున నున్నదనుకొందము. గంటకు 18 కిలోమీటర్ల చొప్పున వచ్చినచో 10 నిమిషములు. రద్దీచే వేగము సగమైనచో 20 నిమిషములు. అదే వేళకు వెనుకటి దినములలో పట్టిన కాలమును, స్టాపులలో ఆగు కాలమును గూడ చేర్చిన కొలది లెక్క సరియగుచుండును.

అయినను అది ఊహయేగాని వాగ్దానము కాదు. ఎత్తైన మేడల నడుమ సంకేతములు చెదరును. యంత్రము కొంతసేపు మూగబోయినచో పాత చోటే కనబడును. కావున రెండు మూడు నిమిషముల యెడముతో రెండుమారులు చూడవలెను. అంకె తగ్గకున్నచో బస్సు కదలుట లేదనియో, వార్త యందుట లేదనియో గ్రహింపవలెను. ఆలస్యమున్నచో దీపపు వెలుగున, నలుగురున్న దుకాణము కడ వేచియుండుట మేలు. కాని చివరి నిమిషము వరకు అచ్చటనే యుండరాదు, బస్సు లెక్కకు ముందే రావచ్చును.

ప్రక్కన నిలిచిన ముసలమ్మ చేతిలో ఫోను ఉండకపోవచ్చును. మనకు తెలిసిన నిమిషములను ఆమెకును చెప్పుదము.