తెల్లమాత్రల పెట్టె

రాత్రి 11 గంటలు దాటింది. మూడేళ్ల పిల్లవాడికి సాయంత్రం నుండి ఆరుసార్లు నీళ్ల విరేచనాలయ్యాయి. మందుల దుకాణాలు మూసివేశారు. డాక్టరు ఇల్లు ఊరికి ఆ కొసన ఉన్నది. నాయనమ్మ అలమరలో నుండి చిన్న పెట్టెను దించుతుంది. అందులో వరుసగా అరలు, ఒక్కొక్క అరలో బిరడా బిగించిన సీసా, ప్రతి సీసాపైనా సిరాతో రాసిన పొట్టి పేరు. నాలుగు తెల్లని గుళికలు పిల్లవాడి నాలుకపై పడతాయి. అవి తియ్యగా ఉంటాయి గనుక వాడు మారాం చేయడు. ఇంటిల్లిపాదీ కాస్త ఊపిరి పీల్చుకుంటారు.

కలకత్తాలోనైనా కాకినాడలోనైనా ఈ దృశ్యం ఒక్కటే. అజీర్తికి, కడుపుబ్బరానికి, పిల్లల విరేచనాలకు, ఒంటిమీది దురదలకు ఎన్నో భారతీయ గృహాలలో తరతరాలుగా మొట్టమొదట తెరుచుకునేది ఈ పెట్టె. ఖర్చు తక్కువ, చేదు లేదు, సూది లేదు. దీనిపై గల మమకారాన్ని ఎగతాళి చేయడం సులభమే. కాని ఆ మమకారం ఎక్కడ పుట్టిందో, ఎంతవరకు క్షేమమో తెలుసుకోవడం అంతకంటె అవసరం. ఆ రాత్రి పిల్లవాడి ప్రాణం గుళికలపై ఆధారపడి లేదు. తరువాతి కొద్ది గంటలలో వాడి కడుపులోకి ఎంత నీరు చేరుతుందన్న దానిపై ఆధారపడి ఉన్నది.

సీసాలపై గల లాటిన్ పేర్లను విప్పి చూస్తే పాత పరిచయస్థులే కనిపిస్తారు. నక్స్ వామికా అంటే మన అడవులలో కాసే ముషిణి గింజ, స్ట్రిక్నిన్ అనే ఘోరవిషానికి పుట్టినిల్లు. తిండి ఎక్కువై, నిద్ర తక్కువై కడుపు చెడినవారికి హోమియో గ్రంథాలు దీనిని చెబుతాయి. ఆంటిమోనియం క్రూడం అంటే పూర్వం సుర్మాగా నూరి కంటికి పెట్టుకున్న అంజన ఖనిజం. నాలుకపై పాలవంటి తెల్లని పూత, అతిగా తిన్నందువల్ల అజీర్తి, చర్మంపై మందమైన పెచ్చులు కలిసి కనిపించినప్పుడు వైద్యులు దీనిని ఎంచుతారు. ఆర్సెనికం ఆల్బం తెల్ల పాషాణం. సల్ఫర్ అంటే మన గంధకమే. దురదలన్నింటికీ మొదట గుర్తుకు వచ్చే సీసా అది.

ఇన్ని విషాలను పసివాడి నాలుకపై వేయవచ్చునా? వేయవచ్చును. ఎందుకంటే అవి అక్కడ లేవు. మూలపదార్థం ఒక పాలుకు 99 పాళ్ల సారాయి గాని నీరు గాని కలిపి గట్టిగా కుదుపుతారు. అది ఒకటవ పొటెన్సీ. అందులో ఒక పాలు తీసి మరల 99 పాళ్లు కలిపితే రెండవది. సీసాపై 30 అని రాసి ఉంటే ఈ పని 30 సార్లు జరిగిందన్నమాట. అప్పటికి మూలపదార్థం, 1 పక్కన 60 సున్నలు పెడితే వచ్చే సంఖ్యలో ఒక్క వంతు. ఏ పదార్థంలోనైనా అణువులకు ఒక లెక్క ఉన్నది గనుక, 12వ మెట్టు దాటేసరికే ఒక్క అణువైనా మిగిలే ఆశ దాదాపు పోతుంది. మిగిలిన ద్రవాన్ని చక్కెర గుళికలపై చుక్కలుగా వేసి ఇస్తారు. 3, 6 వంటి తక్కువ మెట్ల మందుల సంగతి వేరు. వాటిలో పదార్థం కొంత మిగిలి ఉండవచ్చు. పసిపిల్లలకు పళ్లు వచ్చే వేళ ఇచ్చే కొన్ని హోమియో మాత్రలలో బెల్లడోనా పాలు మాత్రకొక తీరుగా ఉన్నదని 2017లో అమెరికా ప్రభుత్వపు ఔషధ సంస్థ పరీక్షించి చెప్పి, తల్లిదండ్రులను హెచ్చరించింది. సీసాపై అంకెను చదవకుండా పిల్లలకు మందు వేయడం మంచిది కాదు.

అణువైనా లేని మందుకు ఇంత పేరెలా వచ్చింది? జవాబు ఆనాటి ఇతర వైద్యంలో ఉన్నది. జర్మనీ దేశస్థుడైన హానిమన్ 1790లో సింకోనా బెరడును తానే తిని, దాని ఫలితాలను గమనించి ఈ ఆలోచనకు నాంది పలికాడు. అప్పటి ఐరోపాలో వైద్యమంటే నరం కోసి నెత్తురు తీయడం, జలగలు పట్టించడం, పాదరసపు మందులు మింగించడం. 1854లో లండన్‌లో కలరా చెలరేగినప్పుడు అక్కడి హోమియో ఆసుపత్రిలో చేరిన కలరా రోగులలో నూటికి సుమారు 16 మంది మరణించారు. ఇతర ఆసుపత్రులలో సుమారు సగం మంది పోయారు. ఒంటిలోని నీరంతా కారిపోతున్న మనిషికి ఉన్న నెత్తురు కూడా తీసే వైద్యం కంటె, ఏ హానీ చేయని వైద్యం మేలన్నది స్పష్టమే.

మన దేశంలో దీనికి గౌరవం తెచ్చినవారు కలకత్తా డాక్టరు మహేంద్రలాల్ సర్కార్. ఆయన కలకత్తా విశ్వవిద్యాలయపు ఎం.డి. పట్టభద్రులు, మొదట హోమియోపతికి బద్ధవిరోధి. ఒక హోమియో గ్రంథంపై విమర్శ రాయవలసి వచ్చి, రాసేముందు రాజేంద్రలాల్ దత్ చేసే చికిత్సలను స్వయంగా చూడటానికి వెళ్లి, మనసు మార్చుకున్నారు. 1867లో తోటి వైద్యుల సభలోనే ఆ సంగతి ప్రకటించగా వారు ఆయనను వెలివేశారు. కొంతకాలం రోగులు కూడా రావడం మానుకున్నారు. ఆ సర్కారే 1876లో భారతీయ విజ్ఞాన పరిషత్తును స్థాపించారు. 1928లో రామన్ తన కాంతి ప్రయోగాలు చేసినది అక్కడే. కంటితో చూసినదానిని చెప్పడానికి వెనుదీయని ఆ మనిషి ధైర్యం నిస్సంశయం. అయితే రోగి కోలుకోవడం ఒకటి, మందువల్ల కోలుకోవడం మరొకటి. ఆ రెండింటినీ విడదీసే పరీక్షాపద్ధతి ఆ కాలానికి ఇంకా రూపుదిద్దుకోలేదు.

తరువాత అదీ వచ్చింది. 1994లో నికరాగువా దేశంలో 81 మంది పిల్లలపై జరిపిన పరీక్షలో హోమియో మందు విరేచనాల కాలాన్ని కొంత తగ్గించినట్లు కనిపించింది. అదే పరిశోధకురాలి బృందం 2006లో హోండురస్‌లో 292 మంది పిల్లలపై మరొక పరీక్ష ప్రచురించింది. ఉత్త గుళికలకు, మందు గుళికలకు చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ఈ రెండు పరీక్షలలోనూ పిల్లలందరికీ ఉప్పు, చక్కెర కలిసిన ద్రావణం తాగిస్తూనే ఉన్నారు. అది మానివేసే సాహసం హోమియో పక్షాన ఉన్నవారు కూడా చేయలేదు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల విరేచనాలకు హోమియో చికిత్సను తాము సిఫారసు చేయడం లేదని స్పష్టం చేసింది.

ఆ ద్రావణం కథ కూడా బెంగాలులోనే మలుపు తిరిగింది. 1971లో తూర్పు బెంగాలు నుండి శరణార్థులు లక్షలుగా సరిహద్దు దాటి వచ్చారు. బనగాఁవ్ ఆసుపత్రిలో కలరా రోగులు నేలపైనే పడి ఉన్నారు. నరానికి ఎక్కించే సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలిపించి, డ్రమ్ములలో నింపించి, రోగుల బంధువుల చేతనే గ్లాసులతో తాగించారు. నూటికి 30 వరకు ఉన్న మరణాలు 4 కంటె తక్కువకు దిగాయి. పేగు చెడిపోయినప్పుడు ఉత్త నీటిని, ఉత్త ఉప్పును సరిగా పీల్చుకోలేదు. చక్కెర తోడైతే ఉప్పు లోపలికి పోతుంది, ఉప్పు వెంట నీరు పోతుంది. మొత్తం రహస్యం ఇంతే. మహలనబిస్ 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడు ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించారు.

కనుక ఆ రాత్రి నాయనమ్మ గుళికలు వేసినా వేయకపోయినా, వెంటనే చేయవలసిన పని వేరే ఉన్నది. ఓ.ఆర్.ఎస్. పొట్లం ఉంటే దానిపై రాసిన కొలత ప్రకారం నీటిలో కలపాలి. లేకుంటే కాచి చల్లార్చిన లీటరు నీటిలో టీచెంచాతో తలకొట్టి 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు వేయాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం; కలిపిన నీరు కన్నీటి కంటె ఉప్పగా ఉండరాదు. ఒక్కొక్క చెంచాగా తాగించాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మరల మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపరాదు, గంజి, మజ్జిగ, మెత్తని అన్నం పెట్టవచ్చును. కడుపుకు విశ్రాంతి పేరిట పస్తు ఉంచడం పాత పొరపాటు. డాక్టరు సలహాపై 10 నుండి 14 రోజులు జింకు మాత్రలు వాడితే మేలు. కళ్లు గుంటపడినా, మూత్రం రాకపోయినా, పొట్టపై చర్మాన్ని పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా, బిడ్డ మందకొడిగా ఉండి తాగలేకపోయినా, మలంలో నెత్తురు కనిపించినా తెల్లవారేదాకా ఎదురుచూడరాదు. మరొక సీసా వెతుకుతూ గడిపే గంటలే ఈ పెట్టెలోని అసలు ప్రమాదం.

పెద్దవారి మామూలు అజీర్తి మాట వేరు. అది ఒకటి రెండు రోజులలో తనంతట తానే తగ్గుతుంది. అప్పుడు గుళికలు వేసుకుంటే వచ్చే నష్టమేమీ లేదు.

చర్మం సంగతి మరింత చిత్రమైనది. హానిమన్ 1828లో ప్రచురించిన గ్రంథంలో దీర్ఘరోగాలలో అధికభాగానికి మూలం గజ్జి వంటి 'సోరా' అన్నాడు. దానికి ముఖ్యమైన మందుగా గంధకాన్ని చెప్పాడు. ఆరేళ్ల తరువాత, 1834లో, పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో రెనూచి అనే విద్యార్థి తన కార్సికా ద్వీపపు పేద స్త్రీలు చేసే విధంగానే, సూదిమొనతో రోగి చర్మం నుండి చిన్న పురుగును పైకి తీసి ఆచార్యులకు చూపాడు. గజ్జికి కారణం ఆ పురుగు. దానిని గంధకం నిజంగానే చంపుతుంది. అయితే 30వ మెట్టు గంధకం కాదు, నూటికి 5 నుండి 10 పాళ్లు కలిపిన గంధకపు పూత. పసిపిల్లలకు, గర్భిణులకు కూడా వైద్యులు దానిని వాడుతారు. నేడు పెర్మెత్రిన్ అనే మందు సులభంగా దొరుకుతున్నది.

తామరకు గాని, పొడిచర్మపు దురదకు గాని ఈ మందు పనికిరాదు; డాక్టరు చూడకుండా స్టెరాయిడ్ క్రీములు పూస్తే తామర ముదురుతుంది. వేళ్ల సందులలో, మణికట్టు దగ్గర, రాత్రివేళ ఎక్కువయ్యే దురద, ఇంట్లో మరొకరికి కూడా ఉంటే అది గజ్జి అనుకోవచ్చు. అప్పుడు దురద లేనివారితో సహా ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి మందు పూసుకోవాలి. గంధకమైతే వరుసగా మూడు రాత్రులు. కట్టుబట్టలు, దుప్పట్లు, తువ్వాళ్లు వేడినీటిలో ఉతికి ఎండలో వేయాలి. పురుగు చచ్చిన తరువాత కూడా దురద రెండు మూడు వారాలు ఉండి మెల్లగా తగ్గుతుంది. మందు పనిచేయలేదని తొందరపడి మరల మరల పూయరాదు. ఆ రెండు మూడు వారాలలో వేసుకున్న తెల్లమాత్రలకే పేరంతా దక్కడం చాలా ఇళ్లలో జరిగేదే.